బొరియ కాసిన నీలాద్రి

పెదవాల్తేరులో హైమావతి గారి హాల్లో, కిటికీ పక్కన ఒక ఉప్పునీటి గాజుతొట్టి ఉండేది. అందులో రాజ్యమంతా నీలాద్రిది. నీలాద్రి అంటే బొటనవేలంత నీలం చేప. ఒళ్ళు చిన్నదే గానీ కోపం సొరచేపది. నడిమి బండలో బొరియ తనది. దాని ముందు నాచు తనది. ఆ పక్కనుంచి పారే నీళ్ళు కూడా తనవే. తెల్లచారల చేపలు రెండు ఆ దారిన తోక ఊపితే చాలు, వెంటపడి మూలదాకా తరిమేవాడు.

"నీళ్ళు పోసేది హైమావతమ్మ, మేత వేసేది హైమావతమ్మ. మధ్యలో నీ పెత్తనమేమిట్రా?" అనేది రొయ్యమ్మ పిన్ని. చేపల ఒంటిమీది మురికి ఏరుకు తినే ముసలి రొయ్య ఆమె. ఆమెనొక్కదాన్నే నీలాద్రి దగ్గరికి రానిచ్చేవాడు.

"గట్టు కాసుకోవడం మా ఇంటి పద్ధతి పిన్నీ! మా పగడపు దిబ్బమీద బండకొకరం. పొద్దు పొడిస్తే హద్దు తగాదాలే. పక్కబండ అప్పలకొండ నామీదికొచ్చేవాడు, నేను వాడిమీదికి పోయేవాణ్ణి. అప్పుడు పీడ అనుకున్నాను. వలలో పడి ఇక్కడికొచ్చాక నా భాషలో నన్ను తిట్టేవాడు కూడా లేడు."

అలా అని మళ్ళీ బొరియ ముందుకి పోయి కాపలా నిలబడేవాడు.

ఆ బొరియమీద కన్నేసినవాడు ఒకడున్నాడు. వాడు సన్యాసప్పడు, పాత గుల్లలో కాపురముండే పీత. పేరుకే సన్యాసి. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర.

ఒకనాడు హైమావతి గారు కొత్త చేపను తెచ్చి, ఇక్కడి నీటి వేడికి అలవాటు పడుతుందని ప్లాస్టిక్ సంచితోనే తొట్టిలో తేలవేసింది. కొట్టడానికి దూసుకుపోయిన నీలాద్రి సంచి దగ్గర ఠక్కున ఆగాడు. లోపల ఉన్నది తన జాతి ఆడచేప! అదే నీలం. వీపురెక్క చివర నల్లచుక్క.

"ఏ దిబ్బ మీది?" అన్నాడు సంచికి దగ్గరగా జరిగి.

"దక్షిణపు దిబ్బండి. చుక్కాలు అంటారు నన్ను."

"మాదీ అదే! అప్పలకొండ ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడండి. పక్కబండ ఖాళీగా ఉన్నా ఎవర్నీ రానివ్వడు. అది నీలాద్రిది, ఎప్పటికైనా వస్తాడు అని పోట్లాడతాడు."

నీలాద్రి సంచి చుట్టూ గిర్రున ఒక చుట్టు తిరిగాడు.

"ఆ నీలాద్రిని నేనే," అన్నాడు.

ఒక్క పరుగున బొరియకి పోయి, నోటితో ఇసుక ఎత్తి బయట పోస్తూ శుభ్రం చెయ్యసాగాడు. ఈలోగా సన్యాసప్పడు తొట్టిలో నీళ్ళు తిప్పే గొట్టం పట్టుకుని సంచిదాకా పాకాడు. నాచు గీకి తినడానికి ఎక్కాడనుకున్నాడు నీలాద్రి. పీత లెక్క వేరు. ఒంటరివాడి ఇల్లు ఎప్పటికైనా కాజెయ్యవచ్చు. జంట కుదిరి గుడ్లు పెడితే ఇక ఆ ఛాయలకి పోలేడు.

కిందికి దిగి, "ఏం అబ్బాయ్, మహా సందడిగా ఉన్నావు?" అన్నాడు.

"మా దిబ్బ నుంచి వచ్చింది బాబాయ్!"

"మంచిదే. కానీ ఇందాకటి నుంచీ ఆవిడ చూపు నీమీద లేదు, నీ బొరియమీదే ఉంది. మనసు మంచిదైతే ముందు నిన్ను పలకరిస్తుంది. నేరుగా బొరియలో దూరిందా, కాజెయ్యడానికొచ్చినట్టే. సరే, నాకెందుకులే."

అనుమానం పెనుభూతం. నీలాద్రి నోట్లో ఇసుక నోట్లోనే ఉండిపోయింది.

హైమావతి గారు సంచి విప్పింది. చుక్కాలు బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి, సూటిగా పోయి బొరియలో దూరింది.

నీలాద్రికి పూనకమే వచ్చింది. తోక పట్టి బయటికి లాగాడు. ఈ మూలనుంచి ఆ మూలకి తరిమాడు. ఆ నల్లచుక్క ఉన్న రెక్కే చిరిగి వేలాడింది.

"ఓరి రాక్షసుడా!" అంటూ హైమావతి గారు వల ముంచింది.

వలలో పైకి లేస్తూ చుక్కాలు ఏడ్చింది. "నేనేం తప్పు చేశానండీ? బొరియలోకొచ్చి కూర్చోమని మీరే కబురంపారని పీత బాబాయి చెప్పాడు కదండీ!"

నీలాద్రి వల వెనకే పైదాకా ఈదాడు. అప్పటికే వల నీళ్ళు దాటిపోయింది.

చుక్కాలుని అవతలి గోడ దగ్గర చిన్న తొట్టిలో వేశారు. నాటినుంచి నీలాద్రి అటువైపు గాజుకి ముక్కు ఆనించి నిలబడ్డాడు. మేత వేసినా సరిగా తినడు. చారల చేపలు పక్కనుంచి పోయినా తిరిగి చూడడు. మొదట బొరియ ముందు నాచు వాటి పాలయింది. తరవాత సన్యాసప్పడు గుల్లతో సహా లోపలే చేరాడు.

రొయ్యమ్మ పరుగున వచ్చింది. "ఒరేయ్, ఆ దొంగపీత నీ ఇంట్లో కాలు చాపుకుని కూర్చున్నాడు. పోయి తరుము!"

"ఉండనీ పిన్నీ," అన్నాడు నీలాద్రి, చూపు తిప్పకుండా. "నేను అటు పోయిన వేళకే ఆవిడ ఇటు తిరిగితే?"

అయినవాళ్ళని అనుమానించి తరిమినవాడికి కాచుకున్న గట్టూ దక్కదు.