పునుగు వాసన నేర్చిన తేనెటీగలు

అనగా అనగా, కొండలకింకా పేర్లు పెట్టని రోజుల్లో ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్లిద్దరూ ఏడు సముద్రాలు దాటి, కరాళుడనే మాంత్రికుణ్ణి చంపబోయి తిరిగి రాలేదు. మూడోవాడు సుగాత్రుడు వాళ్లను వెతుక్కుంటూ బయల్దేరాడు.

మాంత్రికుడి తోటలో పెద్ద పంజరం. అందులో వంద చిలుకలు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అన్నిటి కాలికీ నల్లదారం. ఒక్క దారంలోనే వాడి ప్రాణం. అది తెంపితే వాడు చస్తాడు. వేరేది తెంపితే తెంపినవాడు రాయైపోతాడు. అన్నలిద్దరూ పంజరం ముందు రాళ్లై నిలబడి ఉన్నారు.

మాంత్రికుడు చెరపట్టిన రాజకుమారి హేలావతి, వాడి కండువా ఒకటి దొంగిలించి సుగాత్రుడికిచ్చింది.

"వాడు ఒళ్లంతా పునుగు పూసుకుంటాడు. తన ప్రాణమున్న చిలుకనొక్కదాన్నే రోజూ గుండెకు హత్తుకుంటాడు. ఆ వాసన దానికి అంటుకునే ఉంటుంది గాని, మన ముక్కులకు అందదు. రేపు మధ్యాహ్నం నన్ను పెళ్లాడతాడట. ఏం చేస్తావో చూడు."

దారిలో సాలెగూటి నుంచి అతను విడిపించిన ముసలి తేనెటీగ భుజం మీదే ఉంది. "మా వాళ్లను పిలుస్తాను. ఆ వాసన పట్టడం నేర్పుకో" అంది.

సుగాత్రుడు ముందు తేనె పెట్టాడు. ఈగలు తాగాక కండువా చూపించాడు. అవి మూతులు తుడుచుకుని ఎగిరిపోయాయి.

"కడుపు నిండాక కండువా ఎవడిక్కావాలి రాజా?" అని ముసలి ఈగ నవ్వింది.

రెండోసారి ముందు కండువా చూపించాడు. తర్వాత తీరిగ్గా వెళ్లి తేనె తెచ్చేసరికి పొద్దెక్కింది. ఈగలు తేనె తాగాయి. కండువా సంగతే మరిచాయి.

ముసలి ఈగకు ఒళ్లు మండింది. "పొద్దున వాసన, ఎప్పటికో తిండి! రెంటికీ చుట్టరికముందని మాకెలా తెలుస్తుందయ్యా? ఆశ పుట్టిన క్షణానే నోటికందాలి. నువ్వెన్నడూ పస్తున్నట్టు లేవు!"

సుగాత్రుడికి సిగ్గేసింది. అతని కంచం ఏనాడూ ఆలస్యం కాలేదు మరి. ఆకలి ఎరగనివాడు పాఠం చెబితే ఇలాగే ఏడుస్తుంది.

మూడోసారి, కండువా వాసన ఈగ మీసాలకు తగలగానే, పుల్లతో తేనెబొట్టు నాలుకకందించాడు. ఒక్కొక్క ఈగకూ. మళ్లీ కండువా, వెంటనే తేనె. మళ్లీ. చివరికి తేనె ఇంకా పుల్ల మీదుండగానే, కండువా వాసనకే ఈగలన్నీ నాలుకలు చాచాయి.

మర్నాడు వాటిని పంజరంలోకి వదిలాడు. అవి ఒక్కో చిలుకనూ దాటుకుంటూ పోయి, మూలనున్నదాని చుట్టూ వాలి నాలుకలు చాచాయి.

మాంత్రికుడు పరుగెత్తుకొచ్చాడు. "ఒరే కుర్రకుంకా! అది కాదురా, పక్కది! నీ అన్నల్లా రాయైపోతావు!"

సుగాత్రుడు ఈగల నాలుకల వైపు చూశాడు. 'మనిషి అబద్ధమాడతాడు. ఆకలి ఆడదు' అనుకుని దారం తెంపేశాడు. చిలుక ఎగిరిపోయింది. మాంత్రికుడు బూడిదకుప్పయ్యాడు.

రాళ్లు కదిలాయి. "తమ్ముడూ!" అంటూ అన్నలు చేతులు చాచి వచ్చారు.

"ఒక్క క్షణం ఆగండన్నా."

ఈగలింకా నాలుకలు చాచుకునే ఉన్నాయి. ముందు వాటన్నిటికీ తేనె పట్టి, ఆ తర్వాతే అన్నలను కౌగిలించుకున్నాడు.

అది చూసి హేలావతి, "చేసుకుంటే ఇతన్నే" అంది. చేసుకుంది. ఇద్దరూ తల నెరిసేదాకా రాజ్యమేలారు. వాళ్ల ఊళ్లలో పొయ్యి వెలగని పొద్దంటూ లేదు.