పాలు తాగిన కూజా మొక్క

పేరిశాస్త్రి గారికి ఒక అలవాటు ఉండేది. వడిలిన మొక్కను ఎవరు తెచ్చి చూపించినా, దానికేం జబ్బు చేసిందో ముందుగా చెప్పేవారు కారు. "ఏం పెడుతున్నారు?" అని అడిగేవారు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో మొక్కల పాఠాలు చెప్పి, ఇప్పుడు సాయంత్రాలు అరుగు మీద వేదాంతం చెబుతున్న మనిషి ఆయన. సందేహాలు తెచ్చేవాళ్ళూ, పూలకుండీలు తెచ్చేవాళ్ళూ ఆయన దగ్గరికి ఇంచుమించు సమానంగానే వచ్చేవారు.

శిష్యుల్లో వరదాచారి అనే యువకుడు ఒకనాడు పాఠం అయిపోయినా లేవలేదు.

"మాస్టారూ, ఇంటికి తెచ్చుకున్న మనిషికి ఇంకేం పెడితే సంతోషంగా ఉంటుంది?" అన్నాడు.

అతను సముద్రం ఒడ్డు పల్లెకు చెందిన గంగాభవానిని ఇష్టపడి పెళ్ళి చేసుకుని ఎనిమిది నెలలైంది. ఆమె వచ్చిన నెలలోనే చేపలు మానేసింది. మడి కట్టుకోవడం నేర్చుకుంది. అత్తగారి దగ్గర పులిహోర కలపడమూ నేర్చుకుంది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అయితే వచ్చిన కొత్తలో నాలుగిళ్ళకు వినిపించేలా నవ్విన పిల్ల, ఇప్పుడు అడిగినదానికి "ఆ", "ఊ" అంటోంది. సగానికి సగం చిక్కిపోయింది.

"నెయ్యి, పాలు, బాదం పప్పు, దేనికీ లోటు చేయలేదు. శుక్రవారం వాళ్ళన్నయ్య వస్తున్నాడు. కొన్నాళ్ళు వెళ్ళొస్తానంటోంది. వెళితే మళ్ళీ రాదేమోనని భయంగా ఉంది మాస్టారూ," అని వరదాచారి తల వంచుకున్నాడు.

శాస్త్రి గారు చూరు కింద పట్టి ఉంచిన వాననీళ్ళ బిందె ఒకటి అతని చేతికిచ్చి, కొబ్బరి పీచు, బొగ్గుముక్కలు ఉన్న సంచీ తాను తీసుకుని, "పద, తాయారమ్మ గారు కబురు పెట్టారు," అన్నారు.

తాయారమ్మ గారికి డెబ్బై దాటాయి. ఆవిడ మనవరాలు కాలేజీ నుంచి ఒక కూజా మొక్కను తెచ్చి ఇచ్చింది. ఆకు చివర తీగలాగా సాగి, ఆ తీగ కొసన చిన్న కూజా వేలాడుతుంది. పురుగులు అందులో జారిపడితే వాటిని అరిగించుకుని బతికే మొక్క అది. తాయారమ్మ గారు దాన్ని దేవుడి గదికి ఎదురుగా, చీకటి మూల వేలాడదీసి, చుట్టూ దోమతెర కట్టారు. కూజాలన్నీ గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయాయి. ఆకుల అంచులు మాడాయి. కుండీలో మట్టి పైన ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొర కట్టింది.

"ఏం పెడుతున్నారమ్మా?"

"నేనేం లోటు చెయ్యలేదు శాస్త్రీ. వేపపిండి, పేడ ఎరువు. నీళ్ళు మన బోరు నీళ్ళే. రోజూ పొద్దున్నే పాలు."

"పాలా? ఎక్కడ పోస్తున్నారు?"

"ఆ చెంబుల్లోనే. చీమల్నీ దోమల్నీ మింగుతుందని మనవరాలు చెప్పింది. మా ఇంట్లో ఉండి జీవహింసా, రామరామ! అందుకే తెర కట్టి, మెల్లిగా పాలకి అలవాటు చేస్తున్నా. ఏకాదశి నాడు మాత్రం మంచినీళ్ళే."

వరదాచారికి నవ్వాగలేదు. శాస్త్రి గారు మాత్రం గంభీరంగానే, "అలవాటు పడిందా?" అని అడిగారు.

"పడిందనే అనుకున్నా. కిక్కురుమనలేదుగా!"

వరదాచారి నవ్వు ఆపేశాడు.

శాస్త్రి గారు ఒక కూజా వంచి వాసన చూసి ముఖం తిప్పుకున్నారు. పాలు విరిగి కుళ్ళాయి. కుండీని బోర్లించి, మట్టిగడ్డను వాననీళ్ళలో నానబెట్టి, చేత్తో కొద్దికొద్దిగా విడదీశారు. మొక్క వేళ్ళన్నీ నల్లగా కనిపించాయి.

"చచ్చిపోయింది మాస్టారూ," అన్నాడు వరదాచారి.

"దీని వేళ్ళ రంగే అంత. నలిపి చూడు."

కొన్ని జిగురుగా జారిపోయాయి. కొన్ని గట్టిగా నిలిచాయి. గోటితో కాండం గీరితే లోపల పచ్చదనం తొంగిచూసింది.

"సారం లేని నేలలో పుట్టిన జాతమ్మా ఇది. వేళ్ళకి దొరకనిది గాలిలో పట్టుకోవడం నేర్చుకుంది. ఈ ఎరువూ, ఈ ఉప్పునీళ్ళూ దీని వేళ్ళని కాల్చేస్తాయి," అంటూ ఆయన కుళ్ళిన వేళ్ళనూ, ఎండిన కూజాలనూ కత్తిరించారు. కడిగిన కొబ్బరి పీచులో బొగ్గుముక్కలు కలిపి మొక్కను నాటారు. తూర్పు కిటికీ దగ్గర, పల్చటి తెర వెనక, వెలుగు తగిలేచోట వేలాడదీశారు. దోమతెర మడిచి తాయారమ్మ గారికి ఇచ్చేశారు.

"వాననీళ్ళు తప్ప ఏమీ పోయకండి. మీరు పురుగుల్ని పట్టి వేయనూ అక్కర్లేదు. కొత్త కూజాకి రెండు మూడు నెలలు పట్టొచ్చు. బతుకుతుంది."

"బతికితే అంతే చాలు. కానీ నా ఇంట్లో చీమని చంపితే ఆ పాపం ఎవరికి నాయనా?"

"అది మొక్కకీ దేవుడికీ మధ్య సంగతి. పాలగిన్నె పట్టుకుని మీరు మధ్యలో నిలబడకండి."

ఆవిడ "సరే. ద్వాదశి పారణకి మాత్రం నా ఇంట్లో భోంచేసి వెళ్ళు," అన్నారు. తెర మడత పెట్టెలో దాచేశారు.

తిరిగి వస్తుంటే వరదాచారి నడక చురుకైంది. ఖాళీ బిందె భుజం మార్చుకుంటూ, "అర్థమైంది మాస్టారూ. ఇవాళే అమ్మతో మాట్లాడతాను. పెరట్లో వేరే పొయ్యి పెట్టించి, రేపటి నుంచి గంగకి చేపలు వండిస్తాను," అన్నాడు.

"ఆమె అడిగింది చేపలేనా?"

వరదాచారి ఆగిపోయాడు. ఏం కావాలని ఆమెను తను ఎప్పుడూ అడగలేదు.

శాస్త్రి గారు అతని భుజం మీంచి బిందె తీసుకున్నారు. "మొక్కకి నోరు లేదు గనక నేను వేళ్ళు కడిగి చూడాల్సి వచ్చింది," అన్నారు. "నీకా అవస్థ లేదు కదా, నాయనా."