విమానంలో వాటా

గవ్వలపేట రేవులో కొర్లయ్యంత తెలివైనవాడు లేడని కొర్లయ్య చెబుతాడు. తమ్ముళ్ళు మసేను, ఎల్లాజీ అవునంటారు. పెళ్ళాం పైడితల్లి కూడా అవునంటుంది. ఇంట్లో ఉన్నది నలుగురు, నలుగురూ ఒప్పుకున్నారంటే నూటికి నూరు శాతం. ఇంక అనుమానమేముంది! మొన్న తుపానుకి పడవ తడిసిపోతుందని దాన్ని ఇంట్లోకి లాక్కొచ్చి, చోటు చాలక తాము బయట తడిసిన తెలివి వాళ్ళది.

ఆ పడవ ఇంజన్ ముసలిదైపోయింది. దగ్గుకుంటూ బయల్దేరి నడిసముద్రంలో ఆగిపోయేది. ఇంజన్ ఆగితే వేట లేదు, వేట లేకపోతే పొయ్యి వెలగదు. అందుకే రెండేళ్ళు కడుపు కట్టుకుని కొత్త ఇంజన్‌కి డబ్బు కూడబెట్టారు. తీరా కొనడానికి అన్నదమ్ములు టౌనుకి వెళ్తే, ఇంజన్ల కొట్టు పక్కనే షేర్ల ఆఫీసు. దాని మీద ఇంత పెద్ద విమానం బొమ్మ. 'మా విమానాల కంపెనీలో మీరూ వాటాదారులు కండి!'

అంతే. కొర్లయ్య కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఒరే, ఇంజన్ డబ్బుకి విమానంలో వాటా ఇస్తారట! దానికి మళ్ళీ ఇంజన్ కొనక్కర్లేదు, బిగించే ఉంటుంది."

"రెండు ఉంటాయన్నా," అన్నాడు మసేను.

"రెండా! అయితే ఒక్కోటి సగం ధరకే పడ్డట్టు."

లోపల బ్రోకరు తారకేశ్వరరావు వాళ్ళని కూర్చోబెట్టి కూల్‌డ్రింకులు తెప్పించాడు.

"ఏడాదికి ఎంత మిగులుతుంది బాబూ ఈ కంపెనీకి?" అడిగాడు కొర్లయ్య.

"ఇంతవరకూ నష్టాలేనండి. కానీ ఈ ఏడాది నష్టం పెరిగే వేగం కాస్త తగ్గింది. అదే కదండీ అసలైన ఎదుగుదల!"

కొర్లయ్య తమ్ముళ్ళని దగ్గరికి లాక్కుని గుసగుసలాడాడు. "అర్థమైందా? లాభం వస్తే వాళ్ళలో వాళ్ళే పంచుకునేవాళ్ళు, మనల్ని పిలుస్తారా? నష్టం బోలెడంత వచ్చి, పంచుకోడానికి మనుషులు చాలక పిలుస్తున్నారు. ఊరూ పేరూ తెలియని మన మీద ఎంత నమ్మకమో చూడండి!"

ఎల్లాజీకి కళ్ళు చెమర్చాయి. "ఇచ్చేద్దామన్నా."

కానీ ఇంటికొచ్చి చెబితే పైడితల్లి నడుం మీద చెయ్యి వేసింది. "ఏవయ్యా, పడవ కొన్ననాడు ఏం చేశావు? అందులో నీళ్ళు పోసి, కారుతుందో లేదో చూశాకే కదా డబ్బిచ్చావు? విమానానికి ఆమాత్రం చూడొద్దా?"

ఇంకేముంది, మర్నాడు బిందెడు నీళ్ళు నెత్తిన పెట్టుకుని నలుగురూ విమానాశ్రయానికి వెళ్ళారు. గేటు దగ్గర కాపలావాడు ఆపాడు.

"ఎవరు మీరు? ఆ బిందేంటి?"

"కాబోయే వాటాదారులం. విమానంలో నీళ్ళు పోసి చూడాలి."

"విమానంలోనా?"

"మరి నీ టోపీలోనా?"

బిందె అక్కడే ఉండిపోయింది. వీళ్ళు కంచె బయటికొచ్చి పడ్డారు. అప్పుడే లోపల ఒక విమానం గర్జించుకుంటూ పరుగెత్తి గాల్లోకి లేచింది. కొర్లయ్య చప్పట్లు కొట్టబోయి, చేతులు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఒరే... అదేంట్రా? ఇందాక మన వీధంత ఉందా! ఇప్పుడు పడవంతే ఉంది!"

"కాకంతైందన్నా!"

"ఈగంత!"

"లేదు! ఇంక లేనే లేదు!"

కొర్లయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఉన్న విమానమే చూస్తుండగా సున్నా అయిపోతే, అందులో మన వాటా ఎంతే? బతికించావే పైడితల్లీ!"

అక్కణ్ణుంచి తిన్నగా వెళ్ళి కొత్త ఇంజన్ కొనేశారు. పాతది విప్పి ఇంట్లో ఓ మూల పడేసి, కొత్తదానికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి పడవకి బిగించారు. "ఈ దర్జా ఒడ్డు నుంచి చూడాలి, మీరిద్దరూ వెళ్ళండి," అని కొర్లయ్య ఇసకలో నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ పడవలో తనే ముందు కూర్చునేవాడు, ఒడ్డున ఉండి చూడటం ఇదే మొదలు.

పడవ రివ్వున దూసుకుపోయింది. కొర్లయ్య మీసం దువ్వుకున్నాడు. మరుక్షణం మీసం వదిలేసి కళ్ళు నులుముకున్నాడు. పాతికడుగుల పడవ తెడ్డంత అయింది. తెడ్డంతది చెప్పంత అయింది!

"అయ్యయ్యో! మనదీ అరిగిపోతోందే!"

"రోజూ అంతే కదా," అంది పైడితల్లి. "పొద్దున్న అరుగుతుంది, సాయంత్రానికి ఉప్పునీళ్ళకి మళ్ళీ ఉబ్బుతుంది. కానీ ఇంత తొందరగా అరగడం ఎప్పుడూ చూళ్ళేదు."

"అయితే ఆ కొత్త ఇంజనే తినేస్తోంది!"

వెంటనే ఫోన్ తీశాడు. "ఒరే మసేనూ, పడవ చిన్నదైపోయిందిరా!"

"లేదన్నా, ఎప్పటిలాగే ఉంది."

"మీరూ దాంతోపాటే చిన్నవాళ్ళైపోయారు కదరా! మీకెలా తెలుస్తుంది?"

మసేను ఒడ్డుకేసి చూసి కెవ్వుమన్నాడు. "అన్నా! నువ్వూ చీమంత అయిపోయావు! వదిన ఇంకా చిన్నగా ఉంది! ఊరు ఊరంతా పోయేలా ఉందన్నా!"

"ఇంకా చూస్తావేంట్రా? ఆ ఇంజన్ విప్పి సముద్రంలో పారెయ్!"

అంతే. మరలు ఊడాయి. రెండేళ్ళ కూడు బుడుంగుమని మునిగింది. ఎల్లాజీ, మసేను తెడ్లు అందుకుని ఒడ్డుకేసి వెయ్యసాగారు. పడవ చెప్పంత నుంచి తెడ్డంతైంది, తెడ్డంత నుంచి మంచమంతైంది. ఇసక తగిలేసరికి నిండుగా పాతికడుగులు! నలుగురూ ఒకళ్ళనొకళ్ళు తడిమి చూసుకుని, ఎవరి సైజు వాళ్ళకి తిరిగొచ్చిందని ఏడ్చారు.

పైడితల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుని నెమ్మదిగా అడిగింది. "అంతా బాగానే ఉంది గానీ, ఇంజన్ పోయింది కదయ్యా?"

"పోతే పోనీవే," అన్నాడు కొర్లయ్య పడవ మీద ముద్దుగా తడుతూ. "చెప్పంతది గంటలో పాతికడుగులైంది. ఏ షేరు పెరుగుతుందే ఇంతలా? ఒరే, రేపు పాత ఇంజన్ కూడా పారేద్దాం. ఇంకో పాతికడుగులు పెరుగుతుంది!"