కక్కసు అన్న మాటకు నాలుగో అర్థం

భీమునిపట్నంలో భుజంగరావు పంతులుగారు నిఘంటువు కూర్చేవారు. మాటకొక చీటీ. ఆ మాటతో బతికిన మనిషికి ఒకసారి చదివి వినిపించాకే ఏ చీటీ అయినా కట్టలో చేరాలి. శిష్యుడు చిదంబరానికి ఇది వట్టి చాదస్తంగా తోచేది. రెండు డచ్చి పుస్తకాలు తిరగేసినప్పటి నుంచీ అతని కాళ్లు నేల మీద ఆనడం లేదు మరి.

"మాట పుట్టుక పుస్తకంలో దొరికాక మళ్లీ వీధిలో అడగడం దేనికండీ?" అన్నాడొకనాడు.

పంతులుగారు వాదించలేదు. అతని చేతిలోని చీటీ చూసి, "దీన్ని సన్యాసమ్మకు వినిపించి రా" అన్నారు.

సన్యాసమ్మ వీధులు ఊడ్చి ఊడ్చి పని మానుకున్న ముసలమ్మ. ఆమె తల్లి ఇళ్ల వెనక దొడ్లలో మలం బుట్టకెత్తి మోసిన మనిషి. ఆ గుమ్మంలో నిలబడి చిదంబరం గొంతు సవరించుకున్నాడు.

"కక్కసు. ఒకప్పుడు వర్తకానికి వచ్చిన డచ్చివాళ్ల మాట. కాక్ అంటే మలం, హాయిస్ అంటే ఇల్లు. అర్థాలు మూడు: మరుగుదొడ్డి, మురికి చోటు, అసహ్యమైన వస్తువు. సముద్రం దాటొచ్చిన మాటమ్మా ఇది!" అని నవ్వాడు కూడా.

సన్యాసమ్మ నవ్వలేదు.

"మా యమ్మ పేరు గవరమ్మ బాబూ. ఈ ఊర్లో ఆ పేరెట్టి ఒక్కలూ పిలవనేదు. బుట్టట్టుకుని ఈదిలోకొస్తే, 'కక్కసొచ్చింది' అని తలుపులేసీసీవోరు. పిల్లలైతే మరీని. అది రాయనేదేటి?"

చిదంబరం ఆ ఊళ్లోనే పుట్టాడు. ఆ కేక వేసి లోపలికి పరుగెత్తిన పిల్లల్లో తానూ ఒకడు. ఆ అర్థం తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు. తెలిసే రాయలేదు. ఆమె మంచినీళ్లు ఇస్తే తల వంచుకుని తాగాడు. గవరమ్మ ముఖం ఎలా ఉండేదో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

తిరిగొచ్చి, చీటీలో నాలుగో అర్థం రాశాడు: "ఆ పని చేసే మనిషి." ఏ అర్థం ఎవరి నోట విన్నారో కింద రాయడం అక్కడి పద్ధతి. "సన్యాసమ్మ" అని రాసి గురువుగారికి అందించాడు.

పంతులుగారు కళ్లజోడు సవరించుకుని చదివారు. ఆ పేరు కొట్టేసి, చీటీ వెనక్కి ఇచ్చారు.

"ఆవిడ తల్లి పడ్డ మాట కదా నాయనా ఇది. అన్నవాళ్ల పేరు రాయి."