మూడోసారి అడగని దేశం

అనగనగా ఒక రాజు. ఆయన పేరు చండకేతు, ఆయన రాజ్యం పేరు గ్రీష్మపురి. ఊ కొట్టండర్రా, నా పాటికి నేను చెప్పుకుంటూ పోతే గోడతో మాట్లాడినట్టుంటుంది. ఆఁ, అలాగ. ఆ గ్రీష్మపురిలో కాలాలు రెండే. ఒకటి ఎండాకాలం, రెండోది ఇంకాస్త ఎండాకాలం. చెంబుతో నీళ్ళు ఒలకబోస్తే నేలకి తగిలేలోపే ఆవిరైపోయేవి. అబద్ధమా? కథ నేను చెబుతున్నానా, నువ్వు చెబుతున్నావా?

ఆ దేశంలో ఎండ ఎంతో, జనానికి మొహమాటమూ అంతే. ఎవరింటికైనా వెళ్తే "కాస్త మజ్జిగ తాగుతారా?" అని అడుగుతారు. గొంతు పిడచకట్టుకుపోతున్నా సరే, "అబ్బే, వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాను" అనాలి. "ఫర్వాలేదు, తాగండి" అని రెండోసారి అడుగుతారు. "అయ్యో, మీకెందుకండీ శ్రమ" అనాలి. మూడోసారి అడిగి చేతిలో పెడితే, అప్పుడు గటగటా తాగాలి. మొన్న మీ పెద్దత్తయ్య వచ్చి లడ్డూల దగ్గర ఏం చేసిందో చూశారుగా, అచ్చం అలాగే. రాజైనా అంతే, కూలివాడైనా అంతే.

చండకేతు మహారాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, రెండోవాడు మణికేతు, మూడోవాడు ఉదయకేతు. ఒకరోజు ముగ్గురూ తండ్రి పక్కన కొలువులో కూర్చుని ఉండగా, ఆకాశంలోంచి ఒక ముసలి అడవిబాతు దబ్బున వచ్చి పడింది. రొప్పుతోంది పాపం.

"రాజా, నేను ఏడు సముద్రాల అవతల హిమకోన నుంచి వచ్చాను" అంది బాతు. "మాకు ప్రతి ఏడూ మంచు కురుస్తుంది, ప్రతి ఏడూ కరుగుతుంది. మూడేళ్ళ నుంచీ కరగడం లేదు. కొండ మీద హిమదంష్ట్రుడని ఒక మాంత్రికుడున్నాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక వెచ్చగా ఉండాలని సూర్యుడి వేడినంతా మంత్రం వేసి తన గుహలోకి లాగేసుకున్నాడు. మాకు మిగిలిన సూర్యుడు పాలిపోయిన అప్పడంలా ఉన్నాడు. గింజలు అయిపోవస్తున్నాయి. ఈ ఏడు వసంతం రాకపోతే మా ఊళ్ళో ఒక్క ప్రాణి కూడా మిగలదు."

"మరి మీవాళ్ళే వెళ్ళి ఆ చిలకని పట్టుకోవచ్చుగా?" అన్నాడు రాజు.

"అదే కదా చిక్కు! మంచులో పుట్టినవాడు ఆ చిలకని ముట్టుకుంటే శిల అయిపోతాడు. ఎండలో పుట్టినవాడు ముట్టుకోవచ్చు. కానీ ఆ కొండ ఎక్కేలోపే గడ్డకట్టిపోతాడు. ఆ మాంత్రికుడు పొందిన వరం అలాంటిది. మీ పిల్లల్లో ఎవరైనా వచ్చి మంచులో బతకడం నేర్చుకుంటే మాకు దిక్కు. వసంతాన్ని తెచ్చినవాడికి మా రాకుమారి తుహినని ఇచ్చి పెళ్ళి చేస్తారు."

పెద్దవాడు మీసం దువ్వుకుని ఓడెక్కాడు. ఏడు సముద్రాలు దాటాడు. హిమకోనలో రాకుమారి తుహిన ఎదురొచ్చి, "కంబళి కావాలా?" అని అడిగింది. ఆయన గ్రీష్మపురి రాజకుమారుడాయె! "అబ్బే, ఎందుకండీ" అన్నాడు. ఆమె సరేనని కంబళి తీసుకుని వెళ్ళిపోయింది. "ఇంకాస్త జావ పోయమంటారా?" అని అడిగారు. "వద్దు వద్దు, చాలు" అన్నాడు. వాళ్ళు కుండ పక్కన పెట్టేశారు. రెండోసారి అడిగినవాడు లేడు. నవ్వకండి, వాడికక్కడ పళ్ళు టకటకలాడుతుంటే! మూడు రోజులకి ముక్కు నల్లబడి, జ్వరంతో ఇంటికి తిరిగొచ్చాడు. "మర్యాద తెలియని మనుషులు! పొమ్మనలేక పొగబెట్టారు" అని చిందులు తొక్కాడు.

రెండోవాడు తెలివైనవాడు. అన్న కథంతా విని, అక్కడ ఏమిచ్చినా వద్దనకూడదని ఒట్టు పెట్టుకుని వెళ్ళాడు. ఇచ్చిన కంబళ్ళన్నీ కప్పుకున్నాడు. పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఇక కదిలితే ఒట్టు. తలుపు తీస్తే చలి వస్తుందని తలుపు తియ్యడు, కిటికీ తీస్తే గాలి వస్తుందని కిటికీ తియ్యడు. ఒళ్ళు వెచ్చగానే ఉంది కానీ మనసు పాడైపోయింది. పగలో రాత్రో తెలియదు. తిండి సయించదు. పలకరిస్తే చాలు కళ్ళనీళ్ళు. చివరికి బాతే జాలిపడి వాణ్ణి ఓడ ఎక్కించి పంపించేసింది.

"ఇక నేను వెళ్తాను నాన్నగారూ" అన్నాడు ఉదయకేతు.

"నువ్వా? నీకు పొద్దున్నే చన్నీళ్ళు పోస్తేనే వణుకు కదరా!" అన్నాడు రాజు. కానీ అడ్డు చెప్పలేదు. ఏడు సముద్రాల అవతల పిల్లాజెల్లా చచ్చిపోతున్నారని తెలిశాక ఎవరు మాత్రం అడ్డు చెబుతారు?

ఉదయకేతు ఏడు సముద్రాలు దాటాడు. హిమకోనలో దిగాడు. తుహిన కంబళి పట్టుకొచ్చి, "కావాలా?" అంది. అన్నల కథ అంతా తెలుసు, దారి పొడుగునా వల్లె వేసుకున్నాడు కూడా. అయినా పుట్టి పెరిగిన అలవాటు ఎక్కడికి పోతుంది? నోట్లోంచి "వద్దండీ" అని జారిపోయింది. ఆమె వెళ్ళిపోయింది. బాతు ముక్కుతో వాడి పిక్క మీద ఒక్క పోటు పొడిచింది.

"సిగ్గు లేదూ! వెనక్కి పిలు!" అంది.

ఉదయకేతు పరిగెత్తాడు. పరిగెత్తి జర్రున జారి, రాకుమారి కాళ్ళ దగ్గర పడ్డాడు. లేస్తూ లేస్తూ, "ఏమండీ, ఇందాక వద్దన్నాను. నాకు కంబళి కావాలి" అన్నాడు. ఆ ఒక్క ముక్క అనడానికి వాడికి ఏడు సముద్రాలూ మళ్ళీ దాటినంత పనైంది.

"కావాలంటే వద్దని ఎందుకన్నారు?" అని తెల్లబోయింది తుహిన.

"మా దేశంలో మూడోసారి అడిగాకే తీసుకుంటారు."

"మా దేశంలో మూడోసారి అడిగేలోపు మనిషి గడ్డకట్టిపోతాడు" అంది ఆమె. "ఇక్కడ చెరువు మీద మంచు పల్చగా ఉందని ఒకడు చెబితే ఇంకొకడు ఆ మాట అక్కడికక్కడే నమ్మాలి. నిజమా, ఊరికే అన్నావా అని ఆలోచిస్తూ నిలబడితే మునిగిపోతాడు. అందుకే ఇక్కడ ఎవరేం చెప్పినా నమ్మేస్తాం. వద్దంటే వద్దనే అనుకుంటాం."

ఉదయకేతు కంబళి అందుకుని కప్పుకున్నాడు. అన్నయ్య వీళ్ళని మర్యాద లేనివాళ్ళన్నాడు. వీళ్ళ మర్యాద ఇదన్నమాట అనుకున్నాడు.

ఆ రోజు నుంచీ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కటే మందపాటి అంగీ బిగించి వేసుకుంటే లాభం లేదని, పల్చటివి మూడు వదులుగా ఒకదాని మీద ఒకటి వేసుకోవాలని తుహిన చెప్పింది. నడుస్తుంటే చెమట పట్టిందా, వెంటనే పైది విప్పెయ్యమంది. "చెమటకి భయపడాలా?" అని నవ్వాడు వాడు. గ్రీష్మపురిలో చెమట పట్టనిదెప్పుడు? ఒకరోజు మాట వినలేదు. చెమట చల్లబడి వీపు కొయ్యబారిపోతే అప్పుడు తెలిసొచ్చింది. నడక మాత్రం బాతు నేర్పింది. "దర్జాగా అంగలు వెయ్యకు. నన్ను చూసి నడు. అడుగు చిన్నది, పాదం మొత్తం ఒకేసారి ఆనించు" అంది. రాజకుమారుడు బాతు నడక నడుస్తుంటే ఊళ్ళో పిల్లలంతా వెనకాలే అలాగే నడిచేవారు.

అన్నిటికంటే కష్టం ఒంటి చలి కాదు. పొద్దు పొడిచినట్టే ఉండదు, కుంగినట్టే ఉండదు. తెల్లారి లేచేసరికి గుండె మీద ఎవరో బండ పెట్టినట్టుండేది. ఇంటి మీద బెంగ. ఎర్రటి ఎండ మీద బెంగ. చివరికి అమ్మ తిట్టే తిట్ల మీద కూడా బెంగ.

"మీ రెండో అన్నగారికీ ఇదే వచ్చింది" అంది తుహిన. "వెలుతురు కాసింతే ఉన్నా సరే, ఉన్నంతసేపూ బయట తిరగండి. ఏదో ఒక పని పెట్టుకోండి."

"ఏడుపొస్తేనో?"

"ఏడవండి. కానీ గదిలో ఒక్కరే కూర్చుని కాదు, మా అందరి మధ్యా కూర్చుని ఏడవండి. మా నాయనమ్మ పోయిన చలికాలంలో పోయింది. ఒంట్లో వేడి లేక, నా చేతుల్లోనే. నేనూ అలాగే ఏడ్చాను."

ఉదయకేతు కట్టెలు కొట్టాడు, దారిలో మంచు ఎత్తిపోశాడు, పొయ్యి చుట్టూ కూర్చుని అందరి ముందూ ఏడ్చాడు కూడా. ఎవరూ నవ్వలేదు. పక్కనున్న ముసలాయన జావ గిన్నె చేతిలో పెట్టాడు, అంతే. వాడు "వద్దు" అనలేదు.

అలా నేర్చుకుని నేర్చుకుని, ఒకరోజు కొండ ఎక్కడానికి బయల్దేరాడు. సగం దూరం వెళ్ళేసరికి మంచుతుపాను. కళ్ళు కనపడవు, వేళ్ళు తెలియవు. మూతపడిపోతున్న కళ్ళకి ఒక బొరియ కనిపించింది. లోపల ఎలుగుబంటి గుర్రు. పాత ఉదయకేతైతే నిద్ర చెడగొడితే ఏమనుకుంటుందో అని బయటే నిలబడి చచ్చిపోయేవాడు. ఇప్పుడలా కాదు.

"ఎలుగు మామా, నాకు చలేస్తోంది. లోపలికి రానిస్తావా?" అన్నాడు.

"అడిగావు కాబట్టి రా" అంది ఎలుగుబంటి. వాడు దాని బొచ్చులో దూరి, మొద్దుబారిన వేళ్ళు చంకలో పెట్టుకుని వెచ్చబడ్డాడు. తుపాను తగ్గాక ఎలుగు చెప్పింది. "మాంత్రికుడు రోజూ మధ్యాహ్నం కొండ దిగి ఊరి చివరికి వెళ్తాడు. అక్కడ నిలబడి ఇళ్ళ తలుపుల వైపు చూసి తిరిగొస్తాడు. ఎందుకో నాకు తెలియదు. ఆ వేళప్పుడు గుహలో ఎవరూ ఉండరు."

మధ్యాహ్నం ఉదయకేతు గుహలోకి అడుగుపెట్టాడు. ఆహా! గ్రీష్మపురి ఎండ! ఒళ్ళంతా హాయిగా కాలిపోతోంది. నడిమధ్య బంగారు పంజరంలో పచ్చటి చిలక. అది వీణ్ణి ఎగాదిగా చూసి, అచ్చం గ్రీష్మపురి యాసలో, "అన్నం తిన్నావా నాయనా?" అంది.

ఎన్నాళ్ళయింది ఆ మాట విని! ఉదయకేతుకి కన్నీళ్ళు ఆగలేదు.

"నీకీ మాట ఎవరు నేర్పారు?" అన్నాడు.

"మా సాంబయ్య నేర్పాడు. మీరంతా హిమదంష్ట్రుడంటారే, అతనే. మీ ఊరివాడే, మిరియాలు అమ్ముకోవడానికి ముప్పై ఏళ్ళ క్రితం వచ్చాడు. ఓడ మంచులో ఇరుక్కుపోయింది. నన్ను చొక్కాలో పెట్టుకుని ఊళ్ళోకి నడిచాడు. మొదటి ఇంటివాళ్ళు తలుపు తీసి, లోపలికి వస్తావా అన్నారు. ఫర్వాలేదండీ, వద్దు అన్నాడు. తలుపేశారు. రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇంట్లోనూ అంతే. ఈ గుహలో ఉన్న ముసలి మాంత్రికుడు కాపాడి విద్యలు నేర్పాడు. మూడేళ్ళ క్రితం నాకు ముసలితనం వచ్చి చలి ఓర్చుకోలేకపోతే, సూర్యుడి వేడిని ఇక్కడికి లాగాడు. ఈ ఊరికి మనుషుల విలువ తెలియదని సాంబయ్య ఈనాటికీ పళ్ళు కొరుకుతుంటాడు."

ఉదయకేతు పంజరం తలుపు తీశాడు. చిలకని మూడు అంగీల లోపల గుండెకి ఆనించుకుని కొండ దిగడం మొదలుపెట్టాడు.

ఊరి చివర మాంత్రికుడికి ఊపిరి బరువెక్కింది. చిలక గుహ దాటిందని తెలిసిపోయింది. "ఎవడురా అది! నా చిలక నాకివ్వకపోతే ఊరంతటినీ శిలలు చేస్తాను!" అని గర్జించాడు. ఆ అరుపుకి రాకుమారి, ఊరివాళ్ళు తలుపులు తీసుకుని బయటికొచ్చారు. అప్పటికి ఉదయకేతు మొదటి ఇంటి వాకిట్లోకి వచ్చేశాడు.

"చిలకని మంచులో పెట్టెయ్యండి!" అంది తుహిన. "రెండు నిమిషాలు చాలు. మా నాయనమ్మని చంపినవాడు వాడు!"

ఉదయకేతు చిలకని బయటికి తియ్యలేదు. ఆ ఇంటి తలుపు బార్లా తెరిచి, "సాంబయ్య బాబాయ్, బయట చలిగా ఉంది. లోపలికి వస్తావా?" అన్నాడు.

ఆ ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఎవరూ పిలవని పేరు. మాంత్రికుడు గతుక్కుమన్నాడు. "అక్కర్లేదు!" అన్నాడు.

"వద్దన్నాడుగా! తలుపెయ్యండి!" అని అరిచారు ఊరివాళ్ళు.

"పొయ్యి మీద చారు కాగుతోంది బాబాయ్. నీ చిలక కూడా వణుకుతోంది. రా" అన్నాడు ఉదయకేతు.

మాంత్రికుడు తెరిచిన తలుపు వైపు చూశాడు. "వద్దులే... మీకెందుకు శ్రమ" అన్నాడు మెల్లగా.

ఉదయకేతు మూడోసారి అడగలేదు. తుహిన వైపు చూసి, "ముప్పై ఏళ్ళ క్రితం ఈ గుమ్మంలోనూ బాబాయ్ ఇలాగే వద్దన్నాడు, తలుపేశారు" అన్నాడు. ఊరు ఆమెది. చనిపోయిన నాయనమ్మ ఆమెది. వాడు "మా దేశంలో మూడోసారి అడిగాకే" అన్నప్పుడు తెల్లబోయిన మనిషి, పుట్టి బుద్ధెరిగాక ఏ మాటా రెండుసార్లు అడిగి ఎరగని మనిషి. ఆమెకి నాయనమ్మ గుర్తొచ్చిందేమో, కళ్ళు తుడుచుకుంది. తర్వాత వాకిట్లోకి దిగి ఆ ముసలివాడి చెయ్యి పట్టుకుంది.

"మా వాళ్ళకి తెలియలేదు" అంది. "లోపలికి రండి, బాబాయ్ గారూ."

హిమకోనని గడగడలాడించిన మాంత్రికుడు చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. ఏడుస్తూనే గడప దాటాడు. వేడి చారు తాగాడు. చిలక అతని భుజం మీద పొయ్యి పక్కన వెచ్చగా కూర్చుంది. ఇక గుహతో పనేముంది? సాంబయ్య మంత్రం వెనక్కి తీసుకున్నాడు. చూరు మీద మంచు చుక్కలు చుక్కలుగా కారడం మొదలైంది. మూడేళ్ళ తర్వాత విన్న ఆ చప్పుడుకి ఊరు ఊరంతా బయటికొచ్చి నిలబడిపోయింది.

అయిదు రోజుల పెళ్ళి జరిగింది. పెళ్ళి వంటలో మిరియాల చారు సాంబయ్యదే. తుహిన మనసులో నాయనమ్మ దుఃఖం అంత తేలిగ్గా పోలేదు, పోతుందని నేను చెప్పను. కానీ రోజూ అతనికి అన్నం పెట్టేది. ఆ ఊళ్ళో మనుషులు తమలో తాము ఒక్కసారే అడుగుతారు. దూరం నుంచి వచ్చినవాళ్ళని మాత్రం మూడుసార్లు అడుగుతారు. అది రాణిగారి ఆజ్ఞ.

ఉదయకేతు హిమకోనలోనే చాలా ఏళ్ళు రాజ్యం చేశాడు. జుట్టు నెరిసింది. ఒక మొదటి మంచు రోజున రాజు పళ్ళు టకటకలాడుతుంటే రాణి నవ్వి, "ఇన్నేళ్ళయింది, ఇంకా చలి అలవాటు కాలేదా మీకు?" అంది.

"చలి అలవాటు కాలేదు తుహినా" అన్నాడు రాజు. "మీరంతా అలవాటయ్యారు."

అదర్రా సంగతి. కథ దాని ఊరికి అది వెళ్ళిపోయింది, మనం అన్నాలకి వెళ్దాం, లేవండి.