అరచేతులు చూసిన పైడమ్మ

అనగనగా ఒక గెడ్డ, వానాకాలం పారే చిన్న ఏరు. గెడ్డకి ఇవతల ఒక ఊరు, అవతల ఒక ఊరు. ఇవతలి ఊళ్ళో పై వీధి, కింది వీధి. రెండింటికీ మధ్య, ఏ వీధీ కాని చోట, సున్నాల పైడమ్మ గుడిసె. గెడ్డలో గుల్లలు ఏరి, కాల్చి, సున్నం చెయ్యడం ఆమె పని. ఏనాటి మాటో నన్నడక్కండి. మా తాతకి వాళ్ళ తాత చెప్పాడు.

ఏటా తొలకరికి ముందు, ఎండిన గెడ్డ ఇసకలో రెండు ఊళ్ళ కుర్రాళ్ళు చెడుగుడు ఆడేవారు. గెలిచిన ఊరికి ఆ ఏడు ముందు నీళ్ళు. వరసగా మూడేళ్ళు గెలిచిన ఊరికి ఇంక ఎప్పటికీ ముందు నీళ్ళే. బరికి సున్నంతో గీతలు గీసేది పైడమ్మ. నీళ్ళు రాకపోతే పొలాలు ఎండుతాయి. సున్నం తడపడానికి చుక్క లేక ఆమె బట్టీ కూడా ఆరిపోతుంది.

మొదటి ఏడు ఇవతలి ఊరు ఓడిపోయింది. రెండో ఏడూ ఓడిపోయింది. సత్తువ లేక కాదు. కూతకి వచ్చినవాణ్ణి పట్టాలంటే ఏడుగురూ చేతులు పట్టుకుని గొలుసు కట్టాలి కదా! పై వీధి నలుగురూ ఒక ముక్క, కింది వీధి ముగ్గురూ ఒక ముక్క. పై వీధి చివర సన్యాసినాయుడు, కింది వీధి చివర దాలయ్య. ఇద్దరి మధ్యా ఎద్దు దూరేంత సందు. ముట్టుకుంటే మైలట! అవతలి ఊరివాడి కాలు పట్టుకుని ఇసకలో పొర్లితే రాని మైల, సొంత ఊరివాడి చెయ్యి పట్టుకుంటే వచ్చేస్తుందట. అవతలివాడు కూత పెట్టుకుంటూ వచ్చి, ఇద్దర్ని తాకి, ఆ సందులోంచి దర్జాగా పోయేవాడు.

మూడో ఏడు పైడమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆటకి మూడు రోజులుందనగా ఏడుగురినీ పిలిచింది. పై వీధి కుర్రాళ్ళ అరచేతులకి తడి సున్నం రాసింది. కింది వీధి కుర్రాళ్ళ అరచేతులకి పసుపు రాసింది. "ఒకడు ఇటోడు, ఒకడు అటోడు, కలిసి నిలబడి ఆడండి" అంది.

ఆడారు. పొద్దు వాలాక, "ఏదీ, అరసెయ్యి సూపించండి" అంది. తెల్లనివి తెల్లగానే ఉన్నాయి. పచ్చనివి పచ్చగానే ఉన్నాయి.

"ఏటర్రా ఇది? సేతులట్టుకోండ్రా అని సెప్పి సెప్పి నా నోరు పడిపోతంది. మీ గొలుసులోంచి గొడ్లమంద ఎలిపోద్ది కదర్రా!"

"ముందు ఆడు సెయ్యి సాపాల" అన్నాడు సన్యాసినాయుడు.

"మొదటేడు నాను సాపినాను మామ్మా. ఈడు ఎనక్కి లాక్కున్నాడు. ఇంక నానెందుకు సాపుతాను?" అన్నాడు దాలయ్య.

రెండో రోజు మళ్ళీ ఆడారు. "ఏదీ, అరసెయ్యి సూపించండి." సన్యాసినాయుడి చెయ్యి ఎర్రగా ఉంది! పైడమ్మ నవ్వబోయి ఆగింది. దాలయ్య చెయ్యి చూసింది. అది పచ్చగానే ఉంది.

"మీ యమ్మ పసుపు డబ్బాలో సెయ్యెట్టి వొచ్చినావేట్రా? తింగరోడా, ఎరుపెక్కితే రెండు సేతులూ ఎక్కాల కదా!"

మూడో రోజూ చేతులకి రాసింది గానీ, ఆమె తిట్టలేదు. సున్నం కుండ పక్కన కూలబడింది.

"పోన్లెండి. బట్టీ ఆరిపోతే నాను ఎటైనా పోతాను, ఒంటిదాన్ని. ఈ ఊరంతా ఎటు పోద్దిరా?"

సన్యాసినాయుడు చెయ్యి చాపాడు. దాలయ్య ఆ చేతిని చాలాసేపు చూశాడు. చూసి చూసి పట్టుకున్నాడు. మిగతావాళ్ళు ఒక తెలుపు, ఒక పసుపు చొప్పున వరసలో చేరారు.

"ఏదీ, అరసెయ్యి సూపించండి."

ఏడుగురి చేతులూ పారాణి పెట్టినట్టు ఎర్రగా ఉన్నాయి.

"ఈ మాత్రానికి మూడేళ్ళా!" అని పైడమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆట రోజున అవతలివాడు అలవాటుగా సందు వెతుక్కుంటూ వచ్చాడు. సందు లేదు. గొలుసు చుట్టేసింది. కూత తెగింది. ఆ ఏడు ముందు నీళ్ళు ఇవతలికే వచ్చాయి.

పెద్దలు మారారనుకునేరు! ఎక్కడ మారతారు? పిల్లల చేతుల ఎరుపు వదిలించాలని రెండు వీధుల తల్లులూ మూడు రోజులు తోమారు.

కొన్నాళ్ళకి పైడమ్మ పోయింది. పాడె ఎవరు మొయ్యాలి? పై వీధి పెద్దలు కింది వీధిని చూశారు. కింది వీధి పెద్దలు పై వీధిని చూశారు. మధ్యలో మళ్ళీ అదే సందు. అందులోంచి ఏడుగురూ వచ్చారు. ఆమె కుండలో సున్నమే తీసుకున్నారు, పసుపు తెచ్చుకున్నారు, చేతులు కలిపారు. ఆమె ముఖం ముందు వంగి, ఎర్రటి అరచేతులు చాపి చూపించారు. ఆమె ఏమీ అనలేదు. అప్పుడు వాళ్ళకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పాడె ఎత్తారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో చెడుగుడు ఆడే ముందు ఒకడి చేతికి సున్నం, పక్కవాడి చేతికి పసుపు రాస్తారు. మొదటి గీత దగ్గర ఆగి, పైడమ్మకి చూపించినట్టు అరచేతులు నేలకి చూపించి బరిలోకి దిగుతారు. కాలవ పూడిక తీసేటప్పుడో, పెళ్ళి పందిరి వేసేటప్పుడో ఎవడైనా పక్కవాడితో కలవనని నసిగితే, ముసలివాళ్ళు విసుక్కుని ఒకటే మాట అంటారు.

"ఏదీ, అరసెయ్యి సూపించు."