తొండ గొంతులో ఇరుక్కున్న ‘కాదు’

ఒకప్పుడు తొండ తల ఊపేది కాదు. ఊపుదామన్నా ఊగేది కాదు. దాని మెడ రోకలిబండలా బిగుసుకుని ఉండేది. ఏదైనా చెప్పాలంటే నోరు తెరిచి చెప్పాల్సిందే. అవునంటే అవును, కాదంటే కాదు.

ఆ రోజుల్లో పిట్టలకీ పురుగులకీ వాదన అంటే మహా ఇష్టం. వాదనంటే కొట్లాట అనుకునేరు! ‘కాదు’ అన్నాక ‘ఎందుకంటే’ అని వస్తే అది వాదన. ‘కాదు’ అన్నాక ‘చెప్పడానికి నువ్వెవరివే’ అని వస్తే తగాదా. ‘కాదు’ అన్నాక ముక్కూ గోళ్ళూ లేస్తే కొట్లాట. ఈ తేడా అప్పుడు గుడ్డులోంచి నిన్న బయటికొచ్చిన పిల్లలకి కూడా తెలుసు. ఇప్పుడు మీసాలున్నవాళ్ళకే తెలీదు, అది వేరే సంగతి.

వాదనకి ఒక పద్ధతుండేది. పేచీ పడ్డ ఇద్దరూ కలిసి ఇసుకదిబ్బ పక్కనున్న నల్లబండ దగ్గరికి పోవాలి. ఒకరు చెప్తుంటే రెండోవాళ్ళు నోరు మూసుకుని వినాలి. బండమీద కూర్చున్న మూడోవాడు ఇద్దరి మాటా విని, ఏది అవునో ఏది కాదో ఇద్దరి ముందే చెప్పాలి.

ఆ బండమీద కూర్చునేది కోనయ్య అనే తొండ. అంత పెద్దరికం అతనికి ఎలా వచ్చిందంటారా? పొద్దున్నే బండెక్కి, ఎండలో కళ్ళు అరమోడ్చి, కదలకుండా పడి ఉండేవాడు. చూసినవాళ్ళు ఆహా, ఎంత లోతుగా ఆలోచిస్తున్నాడో అనుకున్నారు. అతను చలికాగుతున్నాడని ఎవరికీ తట్టలేదు.

కానీ నిజం చెప్పుకోవాలి, మొదట్లో కోనయ్య బాగానే చెప్పేవాడు. వచ్చిన చిక్కల్లా ఒక కందిరీగతో వచ్చింది. ఏదో వాదనలో దాని ముఖం మీదే ‘నీ మాట కాదు’ అన్నాడు. ఆ కందిరీగ ఊరుకుంటుందా? చెట్టుచెట్టుకీ తిరిగి, కోనయ్య ముఖం చూస్తే ఆ పూట తిండి దొరకదని చాటింది. అది విని కోనయ్య కుమిలిపోయాడు. తన గురించి ఎవరూ ఒక్క చెడ్డమాట అనకూడదు, అదీ అతని కోరిక. మంచి కోరికే, కాకపోతే బండమీద కూర్చునేవాడికి పనికొచ్చేది కాదు.

ఆ మర్నాటినుంచి అతను పద్ధతి మార్చేశాడు. ఇద్దరూ కలిసి రావొద్దు, విడివిడిగా రండి, తీరిగ్గా వింటానన్నాడు. ఎవరు ఏం చెప్పినా మెడని బలవంతాన కిందికి వంచి పైకెత్తేవాడు. మొదటిసారి వంచినప్పుడు మెడ కిర్రుమంది. పదిమంది వచ్చిపోయేసరికి నూనె పెట్టినట్టు ఆడసాగింది. వచ్చినవాళ్ళంతా మురిసిపోతూ వెళ్ళేవాళ్ళు. కోనయ్యంత మంచివాడు లేడన్నారు. ఆ మాట కోసం అతను మెడ విరిగేదాకా అయినా ఊపేట్టున్నాడు.

ఇలా ఉండగా తొలకరి ముందు పెద్ద గాలివాన వచ్చింది. చెట్లు చాలా కూలిపోయాయి. ఆ చుట్టుపక్కల తలదాచుకోవడానికి మిగిలింది మోడు తాటిచెట్టులో ఒక్క తొర్ర.

ఆ తొర్రలో నూకాలు అనే ఉడుత ఎండాకాలమంతా దూది తెచ్చి పరుపు వేసుకుంది, కడుపుతో ఉంది మరి. గాలివానకి గూడు పోయిన గవరమ్మ అనే గోరింక, తొర్ర ఖాళీగా కనిపించేసరికి అదే పరుపుమీద గుడ్లు పెట్టేసింది. నూకాలు తిరిగొచ్చి చూస్తే తన పక్కమీద గవరమ్మ.

ఇద్దరూ ఇరుగుపొరుగే, ఒకళ్ళనొకళ్ళు వదినా అని పిలుచుకునేవాళ్ళే. ముందు మర్యాదగానే మొదలుపెట్టారు. పరుపు వేసింది నేను గనక తొర్ర నాది వదినా అంది నూకాలు. కాదు వదినా, ఎందుకంటే పెట్టిన గుడ్లు కదిలిస్తే చచ్చిపోతాయి అంది గవరమ్మ. చూశారా, ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, పిల్లలు ఎగిరేదాకా గవరమ్మ ఉండాలి, ఆ తర్వాత నూకాలుది అంటే అయిపోయే సంగతి. నూకాలు ప్రసవానికి ఇంకా టైముంది కూడా.

నూకాలు పొద్దున బండ దగ్గరికి పోయింది. కోనయ్య కళ్ళు మూసుకుని తల ఊపాడు. సాయంత్రం గవరమ్మ పోయింది. కోనయ్య కళ్ళు మూసుకుని తల ఊపాడు. వాళ్ళిద్దరూ ఏం చెప్పారో అతను వినను కూడా వినలేదు. తనని ఎవరూ ఏమీ అనకుండా మరో రోజు గడిచిందని హాయిగా తోక చాపుకున్నాడు.

మర్నాడు తొర్ర దగ్గర మొదలైంది చూడండి రభస! తొర్ర నాదని కోనయ్యన్నే చెప్పాడంది ఒకావిడ. నీకు కాదు, నాకు చెప్పాడంది రెండో ఆవిడ. ఇక ‘ఎందుకంటే’తో పనేముంది? కోనయ్యన్న చెప్పాడు గనక, అంతే. పరుపు ఊసు లేదు, గుడ్ల ఊసు లేదు. వదినలు పోయి దొంగముండలయ్యారు. నూకాలు ఈకలు పీకింది, గవరమ్మ తోక పొడిచింది. కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఇద్దరూ చెట్టుమీంచి జారి తుప్పల్లో పడ్డారు. అక్కడా ఆగలేదు.

ఆ గోల జెర్రిపోతు చెవిన పడింది. పాముకి చెవులెక్కడివని అడక్కండి, గుడ్ల సంగతైతే దానికి ఒళ్ళంతా చెవులే. అది తిన్నగా బండ దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా పడగలేని తల వంచింది.

“అన్నగారూ, ఆ తొర్రలో ఇప్పుడు ఎవరూ లేరట. నేను వెళ్ళి కాసేపు ఉంటే తప్పు లేదు కదా?”

పాము తొర్ర అడిగేది గుడ్ల కోసమేనని కోనయ్యకి తెలుసు. కాదు అనాలని తెలుసు. నోరు తెరిచాడు. అంతకాలం వాడక్కుండా వదిలేసిన ఆ మాట గొంతులో అడ్డంగా తిరిగి ఇరుక్కుంది. పాము తన వంకే చూస్తోంది. మెడ మాత్రం అలవాటు కొద్దీ కిందికీ పైకీ ఆడింది.

సెలవిప్పించారు, సంతోషం అంది జెర్రిపోతు. తాటిమోడు ఎక్కింది, తొర్రలో దూరింది, పొట్ట నింపుకుని, కోనయ్యన్నగారే సెలవిచ్చారని తుప్పలకి వినబడేలా చెప్పి, తన దారిన పోయింది.

గవరమ్మ పైకెళ్ళి చూసుకునేసరికి దూదిమీద పాము పాకిన జాడే ఉంది, గుడ్డొక్కటీ లేదు. ఆవిడ ఏడుపు విని నూకాలు కూడా గొల్లుమంది. ఇందాక ఈకలు పీకిన చేత్తోనే గవరమ్మ వీపు నిమిరింది. కొట్లాటకి దిగకుండా ఉంటే గుడ్లు దక్కేవని ఇద్దరూ వాపోయారు.

తర్వాత ఇద్దరూ కలిసి, పక్కపక్కనే, బండ దగ్గరికి నడిచారు. చాలా రోజుల తర్వాత పేచీ పడ్డ ఇద్దరు కలిసి అక్కడికి రావడం అదే మొదటిసారి. కోనయ్య వాళ్ళని చూసి గబగబా ఒక సమాధానం తయారు చేసుకున్నాడు. నాకేం తెలీదు, నేను చెప్పలేదు, అనేద్దామనుకున్నాడు.

గవరమ్మ అరవలేదు. గొంతు పెంచకుండానే అడిగింది.

“కోనయ్యన్నా, తొర్రలోకి వెళ్ళమని పాముకి చెప్పింది నువ్వేనా?”

కోనయ్య ‘కాదు’ అందామని నోరు తెరిచాడు. రాలేదు. గొంతు ఉబ్బించాడు. రాలేదు. ఊపిరి బిగబట్టి తన్నుకున్నాడు, గొంతంతా ఎర్రగా కందిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు చూస్తుండగా అతని మెడ నిదానంగా కిందికి వంగింది, పైకి లేచింది. మళ్ళీ వంగింది, మళ్ళీ లేచింది.

“సరే అన్నా, ఇన్నాళ్ళకి నిజం చెప్పావు,” అంది నూకాలు.

ఇద్దరూ వెనుదిరిగారు. దారిలోనే మాట మొదలైంది. ఆ తొర్ర నాకిక వద్దు, నువ్వే ఉండు వదినా అంది గవరమ్మ. కాదు వదినా, ఎందుకంటే నువ్వు మళ్ళీ గుడ్లు పెట్టాలి కదా అంది నూకాలు. అలా వాదించుకుంటూ ఇంటిదాకా పోయారు. బండమీద ఎవరున్నారో తిరిగి చూడలేదు. పాము కనిపిస్తే చాలు, ఉడుతా గోరింకా ఇద్దరూ ఒకేసారి అరిచి చెట్లన్నిటినీ లేపేది ఆనాటి పాఠమే.

కోనయ్య మాత్రం బండ దిగి గోడలు పట్టాడు, కంచెలు పట్టాడు. ఎవరు ఎదురైనా ఆ ఒక్క మాట చెప్పుకుందామని గొంతు ఉబ్బించేవాడు. అతని పిల్లలకీ, పిల్లల పిల్లలకీ అదే వచ్చింది.

అప్పటినుంచే తొండ గొంతు ఎర్రబడుతుంది, మనిషిని చూస్తే తల ఊపుతుంది. తనని వెక్కిరిస్తోందనుకుని కుర్రాళ్ళు రాయి తీస్తారు. వెక్కిరింపు కాదర్రా అది. నేను కాదు, నేను కాదు అని మొత్తుకుంటోంది పాపం. పైకి కనిపించేది మాత్రం అవునే.